పంజాగుట్ట అరుగు మీద కరోలినా

పంజాగుట్ట పంతులుగారు పోయారు. మొన్న బుధవారం పొద్దున నేను అమీర్‌పేటలో దుకాణం పలకలు తీస్తుంటే టాంగా యూసుఫ్ భాయ్ బండి ఆపి, దిగకుండానే చెప్పాడు.

"నర్సన్నా, పంతులు సాబ్ పోయిండు. తెల్లారంగనే. ఆయాసం మస్తు ఎక్కువైందంట."

నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు. "ఎవరన్న వచ్చిన్రా ఇంటికి?" అని అడిగాను. చావు కబురు చెబితే ఇదేం ప్రశ్న అన్నట్టు యూసుఫ్ భాయ్ నా మొహంలోకి చూశాడు. తరవాత అతనికే అర్థమై తల దించుకున్నాడు. ఐదేళ్లుగా ఎవరు పంతులుగారి మాట ఎత్తినా నా నోట ముందు వచ్చేది ఆ ప్రశ్నే. ఆ భయం ఎక్కడ మొదలైందో, దానికి నేనెంత కారణమో చదివేవారికి చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. రవికలు, షేర్వాణీలు కుట్టుకునేవాణ్ణి. గొప్పగా రాయడం నాకు రాదు. వచ్చిన నాలుగు ముక్కలూ ఆయన నేర్పినవే.

ఆయన కోస్తా వైపు మనిషి. మిషన్ బడిలో చెప్పడానికి భార్యతో ఇక్కడికి వచ్చి, పంజాగుట్ట బండల పక్కన పొడుగాటి అరుగున్న ఇంట్లో ఉండిపోయారు. సన్నటి మనిషి. వాన లేకపోయినా చంకలో గొడుగు. బుగ్గన లవంగం. తలుపు గడియ వేసి నాలుగడుగులు నడిచి, మళ్లీ వెనక్కి వచ్చి గడియ పట్టుకుని లాగి చూసుకునేవారు. ధైర్యవంతుడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నాకు తెలిసినవాళ్లలో నా తరవాత అంత పిరికివాడు ఆయనే.

మా పరిచయం ఆయన కోటు లోపల చిరిగిన అస్తరు దగ్గర మొదలైంది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. మా సిరిసిల్ల తాతలనాటి పద్ధతిలో ఒక్కొక్కరి కొలత ఒక్కో నూలుదారం మీద ముడులు వేసి మేకుకు తగిలించేవాణ్ణి. ఏ దారం ఎవరిదో, ఏ ముడి భుజమో ఏ ముడి నడుమో నాకొక్కడికే తెలుసు. పంతులుగారు ఆ దారాల గుత్తిని చాలాసేపు చూశారు.

"ఇది మీ పుస్తకమా అండీ?"

"గంతే అనుకోండ్రి."

"మీరు పోతే ఊళ్లోవాళ్ల కొలతలన్నీ మీతోనే పోతాయన్నమాట."

పొద్దున్నే బోణీ బేరానికి వచ్చి అనే మాటా ఇది? నాకు ఒళ్లు మండింది. అయినా ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన అరుగు మీద పలక పట్టుకుని కూర్చున్నాను. మిషన్ గుడి నుంచి వచ్చి, భోంచేసి, ఆయన పెద్దవాళ్లకు తెలుగు చెప్పేవారు. తోటమాలి, యూసుఫ్ భాయ్, ఇద్దరు తాపీవాళ్లు, నేను. అందర్నీ గారు పెట్టి పిలిచేవారు. మొదటిరోజు "నర్సయ్యగారూ" అంటే నా వెనక ఎవరున్నారా అని తిరిగి చూశాను. ఆయన పెన్సిలు చెక్కుకోవడానికి నా కత్తెర అడిగేవారు. బట్ట కత్తెరతో పెన్సిలు చెక్కితే దాని పదును ఏమవుతుందో ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఎక్కలేదు.

పలకల పని అయ్యాక ఆఖరి అరగంట ఆయన ఒక పాత ఇంగ్లీషు పుస్తకం తీసి, చూసి చూసి తెలుగులో చెప్పేవారు. రెండు వందల ఏళ్ల కిందటి అమెరికా దక్షిణం వైపు సంగతులు. తెల్లవాళ్లు ఓడల మీద వెళ్లి అక్కడ నేల ఆక్రమించి పెద్ద పెద్ద తోటలు పెట్టారు. వర్జీనియాలో పొగాకు, కరోలినాలో వరీ నీలీ. వాటిలో చెయ్యడానికి ఆఫ్రికా నుంచి మనుషుల్ని గొలుసులేసి తెచ్చారు.

"వరి ఎలా పండించాలో ఆ దొరలకు తెలీదండీ," అన్నారు ఒకరోజు. "నీళ్లు ఎప్పుడు కట్టాలి, గట్టు ఎక్కడ తెంచాలి, అంతా ఆ పట్టుకొచ్చినవాళ్లకే తెలుసు. పంట వీళ్ల తెలివి, పేరు వాళ్లది."

"మా దొరకు సుత నాగలి పట్టరాదు," అన్నాడు తోటమాలి. అందరం నవ్వాం. నవ్వాక ఒకరి మొహం ఒకరు చూసుకుని, వీధి వైపు చూశాం.

నీలి పాఠం నాకు మరీ దగ్గరగా తగిలింది. నూలుకు నీలిరంగు అద్దే మా తాత చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. నీలితొట్టి కంపు నాకు తెలుసు, దాని పక్కన కూచుని అన్నం తినలేము. కరోలినాలో ఆ తొట్లలో నీళ్లు పగలంతా కొట్టినవాళ్లు బానిసలని ఆయన చెప్పినప్పుడు, ఆ వాసన అరుగు మీదే లేచినట్టయింది. మా తాత తొట్టి మాత్రం ఆయన సొంతం. ఆ ఒక్క తేడా ఎంత పెద్దదో అంతకుముందు నేను ఆలోచించలేదు.

పాఠం మధ్యలో ఎవరైనా వీధిన పోతే పంతులుగారి గొంతు దానంతటదే పడిపోయేది. ఆ మనిషి దాటిపోయాక ఆయనకు సిగ్గేసేది. దగ్గి, గొణిగిన వాక్యాన్ని మళ్లీ మొదటినుంచి మామూలు గొంతుతో చెప్పేవారు. "అరిచి చెప్పక్కర్లేదు. గొణక్కుండా చెబితే చాలు," అనేవారు. అది మాకు చెప్పడమో తనకు తాను చెప్పుకోవడమో తెలీదు. నైజాం రాజ్యంలో ఇజాజత్, అంటే సర్కారు అనుమతి, లేకుండా బడి నడపడమే నేరం. దాంట్లో దొరల గురించి పాఠం అంటే నేను చెమటలు పట్టి కూర్చునేవాణ్ణి. మానేద్దామని ప్రతి ఆదివారం అనుకుని, ప్రతి ఆదివారం వెళ్లాను.

ఆ పాఠాల్లో ఒకటి మరిచిపోలేను. పారిపోయిన బానిసల కోసం యజమానులు పత్రికల్లో ప్రకటనలు వేయించేవారట. ఇంత ఎత్తు, ఈ రంగు, వీపు మీద కొరడా చారలు, చెంప మీద కాల్చిన గుర్తు. పంతులుగారు పుస్తకం మూసి అన్నారు: "చూశారా, మనిషిని వెతుక్కోవాలంటే తాము పెట్టిన గాయం తామే రాయాలి. రాసి కింద పేరు కూడా పెట్టుకోవాలి. వాళ్ల మీద అంతకన్నా సాక్ష్యం ఎవరు చెప్పగలరండీ?"

యుద్ధం రోజుల్లో ఒక ఆదివారం, అరుగు పక్క గోడ దగ్గర ఒక పడుచుపిల్ల చంకలో దొరలబిడ్డతో నిలబడి వింటోంది. కొన్ని వారాలుగా ఆగి వింటోందని తరవాత తెలిసింది. ఆ రోజు పాఠం, కరోలినా చట్టంలో తల్లి బానిసైతే పుట్టిన బిడ్డా బానిసే అని. ఆ పిల్ల గోడ అవతలి నుంచే అడిగింది.

"అయ్యా, గా దేశంల సుత గంతేనా?"

పంతులుగారు పుస్తకం మూసి, గోడ దగ్గరికి వెళ్లి ఆమె పేరు అడిగారు.

ఆమె పేరు లచ్చవ్వ. బేగంపేట బంగళాలో దొర కోడలితో వచ్చిన ఆడబాప. తెలియనివారికి చెబుతున్నాను, దొరబిడ్డ పెళ్లయి అత్తారింటికి పోయేటప్పుడు ఇత్తడి సామాన్లతోపాటు ఒక పిల్లను కూడా పంపుతారు. ఆ పిల్ల ఇక ఆ ఇంటి వస్తువే. ఆమెకు పిల్లలు పుడితే వాళ్లూ ఆ ఇంటివాళ్లే. లచ్చవ్వ తల్లి కూడా ఆ కోడలి పుట్టింటికి అలా వచ్చినదే.

ఇరవై రోజులు గడిచాక ఒక పట్టపగలు లచ్చవ్వ బంగళా నుంచి పారిపోయి వచ్చి పంతులుగారి వెనక తలుపు దగ్గర కూర్చుని ఉంది. అమ్మగారు, అంటే పంతులుగారి భార్య, ఏమీ అడగకుండా అన్నం పెట్టారు. పంతులుగారు గడియ నాలుగుసార్లు చూసుకున్నారు. ఆ ఆదివారం మాతో అన్నారు, దగ్గి, "ఈమె మా ఆవిడ తరఫు బంధువండీ. మార్తమ్మ." ఆయన అబద్ధం చెప్పేముందు దగ్గుతారని ఊరందరికీ తెలుసు. మేం ఐదుగురం తలలూపాం. ఎక్కడా నోరు జారకూడదని మాలో మేం ఒట్లు పెట్టుకున్నాం. బంగళావాళ్లు పట్టుకుపోతే ఆ పిల్లను ఏం చేస్తారో మాలో ఎవరికీ తెలియనిది కాదు.

ఇక నా తప్పు.

నేను ఆ బంగళాకు కూడా కుట్టేవాణ్ణి. దొర షేర్వాణీలన్నీ నా చేతివే. అందుకే నాకు అందరికంటే రెండింతలు భయం. ఒకరోజు అమ్మగారు లచ్చవ్వను వెంటబెట్టుకుని రెండు రవికల గుడ్డ తెచ్చారు. కొలతకు ఆది రవిక అడిగాను. లేదు. ఆమె ఒంటిమీదున్నది దొరసాని విడిచిన రవిక, భుజాలు జారిపోతోంది. పుట్టినప్పటినుంచి తన కొలతకు కుట్టిన బట్ట ఆ పిల్ల తొడుక్కోలేదు. అమ్మగారే లోపలికి తీసుకుపోయి దారంతో కొలిచి ముడులు వేసి ఇచ్చారు. అప్పటికి నాకు రాయడం వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ప్రతి దారానికీ చిన్న చీటీ కట్టి పేరు రాస్తున్నాను. ఈ దారానికి "మార్తమ్మ" అని రాయబోయాను.

"అన్నా, నా పేరు రాయవా?" అంది లచ్చవ్వ. "ఇప్పటిదాక ఎవ్వలు రాయలే. ఎట్లుంటదో జూస్త."

అమ్మగారు గుడ్డ మడత పెడుతున్నారు, వినలేదు. నేను రాసి చూపించాను. ఆమె చీటీ మీద వేలు పెట్టి, అక్షరం వెంట అక్షరం కదిపింది. ముట్టుకుంటే చెరిగిపోతుందేమో అన్నంత మెల్లగా. ఆ మొహం చూశాక దాన్ని చించి పారేయడానికి నాకు చేతులు రాలేదు. దారానికి కట్టి, గుత్తిలో అన్నింటికంటే లోపల తగిలించాను.

పాత పద్ధతిలో ఉత్త ముడులే అయి ఉంటే ప్రపంచంలో ఎవడూ దాన్ని చదవగలిగేవాడు కాదు.

శనివారం బంగళా గుమాస్తా వచ్చాడు. దొర కొంచెం లావయ్యాడు, పాత కొలత ఎంతో చూద్దామని తనే మేకు దగ్గరికి వెళ్లి గుత్తిలో వెతకడం మొదలుపెట్టాడు. రాతపనిలో జుట్టు నెరిసిన మనిషి, చీటీలు చదువుకుంటూ పోతున్నాడు. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎంతకీ ఎక్కలేదు.

"గీ లచ్చవ్వ ఎవలు, దర్జీ?"

"ఎవలో... పంజాగుట్టలకెల్లి అచ్చిన్రు," అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. పంజాగుట్ట అనే మాట ఎందుకు వచ్చిందో ఈరోజుకీ తెలీదు. పంజాగుట్టలో నేను ఎక్కే గడప పంతులుగారిదొక్కటే అని గుమాస్తాకు తెలుసు. షేర్వాణీ కొలత కూడా చూడకుండా వెళ్లిపోయాడు.

పరుగెత్తుకుంటూ పంజాగుట్ట పోయాను. రొప్పుతూ అంతా చెప్పాను. పంతులుగారి మొహం తెల్లబోయింది. ఒక్క మాట తిట్టలేదు, తిడితే బాగుండేది. అరుగు అంచున కూర్చుని చాలాసేపు లవంగం నమిలారు.

"పేరులో రెండు వత్తులూ సరిగ్గా పెట్టారా?"

"పెట్టిన, పంతులుగారూ."

"అయితే సగం తప్పే," అన్నారు. నవ్వడానికి ప్రయత్నించారు కానీ ఆయాసం వచ్చింది.

మర్నాడు పాఠం వేళకు గుమాస్తా ఇద్దరు మనుషులతో వచ్చాడు. వాళ్ల చేతుల్లో కర్రలు. మేం ఐదుగురం అరుగు మీద ఉన్నాం. ఒకరికొకరం ఆనుకుని కూర్చున్నాం, లేచే ధైర్యం ఎవరికీ లేదు. లోపల అమ్మగారు వంటింటి తలుపు గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

"మా బంగళా పిల్ల మీ ఇంట్ల ఉంది. పంపియ్యి పంతులూ, లొల్లి వద్దు," అన్నాడు గుమాస్తా.

పంతులుగారు లేచి నిలబడ్డారు. ఆయన పంచె వణకడం నాకు కనిపించింది. దగ్గారు. నేను కళ్లు మూసుకున్నాను, ఇప్పుడు అబద్ధం చెబుతారు, పట్టుబడతారు అనుకున్నాను. ఆయన అబద్ధం చెప్పలేదు. నోటుబుక్కు తీసి, ముక్కు విరిగిన పెన్సిలు చేతపట్టుకున్నారు.

"కూర్చోండి. ఎవరికోసం వచ్చారో నాకు తెలియాలి కదండీ. ఆనవాళ్లు చెప్పండి, రాసుకుంటాను."

గుమాస్తాకు అది న్యాయంగానే తోచింది. జీవితమంతా రాసుకుంటూ రాయించుకుంటూ బతికినవాడు. "లచ్చవ్వ. ఇరవై ఏండ్లుంటయి. చామనచాయ. ఎడమ కనుబొమ్మ మీద కోసుకపోయిన గుర్తు. కుడి ముంజేయి మీద కాలిన మచ్చ."

పంతులుగారు ఒక్కొక్క మాటా పైకి చదువుతూ రాశారు. "కనుబొమ్మ మీద గుర్తు. ఎలా వచ్చిందండీ?"

"పడ్డది."

"ఎవరి చేతిలోంచి ఏం పడింది?"

గుమాస్తా తన వెంట వచ్చినవాళ్ల వైపు చూశాడు.

"పోనీ, ముంజేయి మచ్చ. ఇస్త్రీపెట్టెదా? ఎవరు పెట్టారో రాయాలి. మీరు చెప్పకపోతే ఆమెను అడిగి రాస్తాను." పంతులుగారి గొంతు అస్సలు పెరగలేదు. పడిపోనూ లేదు. అంతా రాసి, నోటుబుక్కు తిప్పి, పెన్సిలు గుమాస్తా ముందుకు చాపారు. "కింద మీ సంతకం పెట్టండి. ఏ దొర తరఫున వచ్చారో కూడా. ఇంతమంది సాక్షులున్నారు. సంతకం పెడితే తలుపు తీస్తాను."

వాడు పెట్టేస్తే? పిల్లను తీసుకుపొమ్మనాల్సిందే కదా. పంతులుగారి మెడ మీద చెమట ధారగా కారుతోంది. గుమాస్తా పెన్సిలు తీసుకున్నాడు. కాగితం మీద రాసింది మొదటినుంచి చదివాడు. పెదవులు కదులుతున్నాయి. ఇస్త్రీపెట్టె దగ్గర ఆగిపోయాయి. ఊళ్లోవాళ్ల చేత వందల కాగితాల మీద వేలిముద్రలు వేయించినవాడు, కింద పేరు పెడితే ఏమవుతుందో వాడికి చెప్పాల్సిన పని లేదు.

పెన్సిలు అరుగు మీద పెట్టి లేచాడు. "రేపు దొరనే తీసుకొస్త. గప్పుడు జూద్దం," అన్నాడు.

వాళ్లు మలుపు తిరగ్గానే యూసుఫ్ భాయ్ టాంగాకు పరదా కట్టాడు. పరదా కట్టిన బండిని ఈ ఊళ్లో ఎవడూ ఆపి చూడడు. అమ్మగారూ లచ్చవ్వా అందులో ఖైరతాబాద్ స్టేషన్‌కు వెళ్లారు. అక్కణ్ణుంచి దూరపు ఊళ్లో ఒక మిషన్ ఆస్పత్రికి. లచ్చవ్వ అక్కడ ఆయా పనిలో చేరింది, అమ్మగారు తిరిగొచ్చారు. రవికలు నేను తరవాత పార్సెలు కట్టి పంపాను.

దొర మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రాకపోవడమే నరకమైపోయింది. బండి ఆగిన చప్పుడైతే చాలు, చేతిలో సూది ఆగిపోయేది. బంగళా కుట్టుపని నాకు పోయింది. కొన్నాళ్లకు ఎవరో అర్జీ పెట్టారని సర్కారు మనిషి వచ్చి అరుగు మీద బడి మూయించాడు. పంతులుగారు ప్రతి ఆదివారం అరుగు ఊడ్చుకుని, ఒక్కరే పుస్తకం పట్టుకుని కూర్చునేవారు. వారం మధ్యలో మాత్రం కోటు గుండీ ఊడిందని నా దుకాణానికి వచ్చేవారు. గుండీ కుట్టే నెపంతో నాకు చదువు చెప్పేవారు. ఆ మూడు నాలుగేళ్లలో ఆ కోటుకు కుట్టినన్ని గుండీలు ఏ కోటుకూ కుట్టి ఉండను. ఊడిపోనిది ఆయనే పీకి తెచ్చేవారని నాకు తెలుసు.

చీటీలు రాయడం నేను మానేశాను. ఒకరోజు అది గమనించి ఆయనకు నిజంగా కోపం వచ్చింది. "భయపడండి, తప్పులేదు. నేనూ పడతాను. భయపడి మానెయ్యకండి," అన్నారు. ఆ సాయంత్రం కూర్చుని అన్ని దారాలకూ పేర్లు రాశాను. పోయినేడాది నైజాం పోయి రాజ్యం మారాక అరుగు మళ్లీ నిండింది. అప్పటికి ఆయన రొమ్ము పూర్తిగా పాడైంది. నాలుగు వాక్యాలు చెప్పి ఆగి, ఊపిరి తీసుకుని, ఆపిన చోటునుంచి చెప్పేవారు.

గురువారం మట్టి చేశాం. అమ్మగారూ అందరూ ఇళ్లకు వెళ్లిపోయిన రెండు గంటలకు లచ్చవ్వ వచ్చింది. తెల్లచీర, చేతిసంచి, ఆస్పత్రి మనిషి నడక. సమాధి దగ్గర కూర్చుని ఏడ్చింది, దాచుకోకుండా గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇన్నేళ్లుగా దాచుకున్న మాట అప్పుడు చెప్పాను. చీటీ అక్కడ తగిలించిందీ, పంజాగుట్ట పేరు చెప్పిందీ నేనే అని.

"రాయమన్నది నేను గదనే అన్నా," అంది.

సాయంత్రం రైలుకు బేగంపేట స్టేషన్ దాకా దిగబెట్టడానికి వెంట నడిచాను. నేను అమీర్‌పేట సందులోంచి పోదామన్నాను.

"గీ తొవ్వ దగ్గర గదా," అని ఆమె బంగళా రోడ్డు పట్టింది.

రాజ్యం మారినా బంగళా మారలేదు, దొరా ఉన్నాడు. గేటు దగ్గర కుర్చీలో అదే గుమాస్తా. ఆ గేటు ముందునుంచి పనివాళ్లెవరైనా చెప్పులు విప్పి చేత పట్టుకునే దాటాలి, ఇప్పటికీ అదే రివాజు. జర జల్ది నడువమ్మా అని గొణిగాను. గుమాస్తా మమ్మల్ని చూశాడు. గుర్తుపట్టాడు. కుర్చీలోంచి సగం లేచాడు.

సరిగ్గా అక్కడే లచ్చవ్వ ఆగింది. ఎడమచెయ్యి గేటు స్తంభానికి ఆనించి, వంగి, కుడికాలి చెప్పు విప్పింది. ఎన్నేళ్లయినా ఆమెకు పాత భయం పోలేదనుకున్నాను. ఆమె చెప్పు తిరగేసి రెండుసార్లు దులిపింది. చిన్న రాయి కింద పడింది. చెప్పు మళ్లీ తొడుక్కుని, వేలితో పట్టీ సరిచేసుకుని, "నడు అన్నా, రైలొస్తది," అంది.

గుమాస్తా అలాగే సగం లేచి ఉండిపోయాడు. స్తంభానికి కొత్తగా వేసిన సున్నం ఆమె అరచేతికి తెల్లగా అంటుకుంది. స్టేషన్ దాకా ఆమె దాన్ని తుడుచుకోలేదు. చూసుకోనే లేదు.